బొంబాయి చాల్‌లో తాత ఉన్న గది

పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా తాత సిరిసిల్ల దగ్గరి ఊరి నుంచి 1950లలో బొంబాయి పోయి బట్టల మిల్లులో చేరాడు. 1982 సమ్మె తర్వాత తిరిగొచ్చాడు. నేను పుట్టకముందే పోయాడు, మా నాన్న కూడా ఇప్పుడు లేడు. ఇంట్లో మిగిలినవి ఒక పోస్టు కార్డు, నలుగురైదుగురు మగవాళ్లతో దిగిన ఫొటో, మడతలు పడ్డ చిన్న రసీదు. కార్డు మీద పంపినవాళ్ల చిరునామాలో తాత పేరు, దాని కింద కేరాఫ్ అని ఇంకొకాయన పేరు, ‘బి.డి.డి. చాల్ నం. 27, బొంబాయి-13’ అని ఉన్నాయి. రూం నంబరులో 5 కనిపిస్తోంది, తర్వాతి అంకె మీద మరక పడింది. బాపమ్మ మాత్రం ‘వర్లీలో ఉండెటోడు’ అంటుంది. ఆ చాళ్లు కూలగొట్టి టవర్లు కడుతున్నారట. తాత ఉన్న గది ఒక్కసారి చూడాలని ఉంది. ఆయన పేరు పెట్టి ఎంత వెతికినా ఏమీ దొరకలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? (కె. ఎస్., సిరిసిల్ల)

జవాబు: మీ చేతిలో ఉన్న కార్డు చాలామందికి దొరకని ఆధారం. పరుగులు పెట్టే ముందు దాన్నే తీరిగ్గా చదువుదాం.

‘బొంబాయి-13’లోని 13 పాత తపాలా జోను నంబరు. 1972 ఆగస్టు 15న పిన్‌కోడ్ మొదలైనప్పుడు బొంబాయిలో ఆ పాత నంబర్లనే చివర ఉంచారు. అందుకే అప్పటి 13 ఇప్పుడు 400013 అయింది. అది డిలైల్ రోడ్డు. ఆ రోడ్డుకు తర్వాత కార్మిక నాయకుడు ఎన్.ఎం. జోషీ పేరు పెట్టారు. మీకు కాగితాల్లో ఎన్.ఎం. జోషీ మార్గ్ అని కనిపిస్తుంది, అక్కడి పెద్దవాళ్ల నోట డిలైల్ రోడ్డు అని వినిపిస్తుంది. రెండూ ఒకటే. వర్లీ అయితే 18 ఉండేది, నాయ్‌గావ్ అయితే 14, శివ్డీ అయితే 15.

ఈ నాలుగు పేర్లూ ఎందుకు చెబుతున్నానంటే, బి.డి.డి. చాళ్లు ఉన్నది ఈ నాలుగు చోట్లే. చాల్ అంటే వరస గదుల కిరాయి భవనం. బి.డి.డి. అంటే బాంబే డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్. గవర్నర్ జార్జ్ లాయిడ్ హయాంలో 1920లో పెట్టిన శాఖ అది. ఆ తర్వాతి కొద్ది సంవత్సరాల్లో కూలీనాలీ జనం కోసం ఈ భవనాలు కట్టించింది. మొత్తం 207. వర్లీలో 121, నాయ్‌గావ్‌లో 42, డిలైల్ రోడ్డులో 32, మిగిలిన 12 శివ్డీలో. ఈ లెక్క గుర్తుంచుకుంటే సగం వెతుకులాట ఇంట్లో కూర్చునే అయిపోతుంది. చాల్ నంబరు 50 ఉందనుకోండి, అది డిలైల్ రోడ్డు కాదు, నాయ్‌గావ్ కూడా కాదు. మీ 27 మాత్రం మూడు చోట్ల ఉండగలదు, కాబట్టి మీ విషయంలో తేల్చింది 13 అనే జోను నంబరే. కార్డు రాసేనాటికి మీ తాత డిలైల్ రోడ్డులో ఉన్నాడు.

అంతమాత్రాన బాపమ్మ మాట తీసిపారేయకండి. మిల్లు మనిషి ముప్పై ఏళ్లు ఒకే గదిలో ఉండటం తక్కువ. ఊరివాళ్లు ఎక్కడ చోటిస్తే అక్కడికి మారేవాళ్లు. మొదట వర్లీలో దిగి తర్వాత ఇటు వచ్చి ఉండొచ్చు, లేదా సమ్మె రోజుల్లో అటు వెళ్లి ఉండొచ్చు. కార్డు మీద తపాలా ముద్ర భూతద్దంతో చూడండి. సంవత్సరం దొరికితే ‘ఫలానా ఏట డిలైల్ రోడ్డు’ అని ఒక మేకు కొట్టినట్టు. బాపమ్మను ‘ఏ చాల్?’ అని అడిగితే చెప్పలేకపోవచ్చు. ‘తాతతో పాటు ఆ గదిలో మన ఊరోళ్లు ఎవరెవరు ఉండేవాళ్లు? పండక్కి ఎవరితో కలిసి వచ్చేవాడు? మనియార్డర్ ఆలస్యమైతే ఎవరింటికి పోయి అడిగేదానివి?’ అని అడగండి. పేర్లు వాటంతటవే వస్తాయి. ఫోన్‌లో రికార్డు చేసుకోండి. మిగతా పనులన్నిటికంటే ముందు చేయాల్సింది ఇదే. ఆఫీసు కాగితాలు ఇంకో ఏడాది ఆగుతాయి.

ఇక రూం నంబరు. బి.డి.డి. చాల్ అంటే కింది అంతస్తు, పైన మూడు. అంతస్తుకు 20 గదులు, భవనానికి 80. కింది నుంచి వరసగా నంబర్లు వేసిన చాల్ అయితే 41 నుంచి 60 దాకా రెండో అంతస్తులో వస్తాయి. మీది యాభైల్లో నంబరు కాబట్టి మరక కింద ఏ అంకె ఉన్నా అదే అంతస్తు. మరక పోగొట్టాలని తడిగుడ్డ పెట్టకండి. కార్డును కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో ఫొటో తీసి, ఫోన్‌లోనే రంగులు మార్చి చూడండి. సిరా గీత ఒక్కోసారి తేలుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. మీ తాత పేరు ఎక్కడా దొరక్కపోవడానికి కారణం కార్డులోనే ఉంది. కేరాఫ్. ఆ గది మీ తాత పేరు మీద లేదు, కేరాఫ్ తర్వాత రాసిన ఆయన పేరు మీద ఉండి ఉంటుంది. కిరాయి పుస్తకంలో ఎక్కేది ఒక్క పేరే. గదిలో పడుకునేది పదిమంది. కాబట్టి మీరు వెతకాల్సింది ఆ కేరాఫ్ మనిషిని, ఆ గది నంబరును. చాల్‌లో ఇంటి ఆనవాలు ఎప్పుడూ నంబరే. అంబేడ్కర్ 1912 నుంచి 1934 దాకా పరేల్‌లో ఇలాంటి చాల్‌లోనే ఉన్నారు. అది ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు కట్టించిన బి.ఐ.టి. చాల్. ఈ రోజుకీ జనం ఆ ఇంటిని ఒకటో నంబరు చాల్, 50వ గది అనే చెప్పుకుంటారు.

పదిమంది ఒక గదిలో ఎలా ఉన్నారని మీకు అనిపించవచ్చు. వర్లీలో మునిసిపల్ తెలుగు బడిలో పంతులమ్మగా ఉన్న రోజుల్లో పిల్లలు బడి మానేస్తే నేను వాళ్ల ఇళ్లకు వెళ్లేదాన్ని. గది మొత్తం 160 చదరపు అడుగులు. తలుపు పక్కనే మోరీ, అంటే జానెడు గట్టు కట్టిన మూల. స్నానమూ అక్కడే, అంట్లు తోమడమూ అక్కడే. గోడకు పంపు స్టవ్వు, పైన చెక్క అటక, అటక మీద వరసగా రేకు ట్రంకులు. ఎవరి ట్రంకు వాళ్లది, మూత మీద తెల్ల పెయింటుతో పేరు, ఊరు. మిల్లు మూడు షిఫ్టులు నడిచేది కాబట్టి పడకలూ షిఫ్టుల మీదే. ఒకరు లేచి పనికి పోతే ఆ చాప మీద ఇంకొకరు పడుకునేవాళ్లు. ఎండాకాలం సగంమంది నడవాలో, మెట్ల మీద, కింద మైదానంలో. నడవా భవనం మధ్యలో ఉంటుంది, అటూ ఇటూ ఎదురెదురు గదులు, పగలు కూడా దీపం వేసుకోవాలి. పాయిఖానా ఒక్కో అంతస్తులో అందరికీ ఉమ్మడి. మీ ఫొటోలో వెనక ఏం కనబడుతోందో ఈ వివరాలతో పోల్చి చూడండి. తలుపు మీద నంబరు పలకో, నడవా చివరి కిటికీయో ఉంటే ఆ ఫొటో చాల్ లోపల తీసిందే. స్టూడియోలో తీసిందైతే అట్ట వెనక ముద్ర ఉంటుంది, అది కూడా పేట పేరు చెబుతుంది.

రసీదు గురించి మీరు ఎక్కువ రాయలేదు. దాని మీద మరాఠీలో ‘భాడే పావతీ’ అని ఉంటే కిరాయి రసీదు. అప్పుడు గది నంబరు, నెల, సంవత్సరం, కిరాయిదారు పేరు అన్నీ అందులోనే ఉంటాయి, మరక గొడవ తీరిపోతుంది. ‘ఖానావళ్’ అని ఉంటే భోజనం డబ్బుల చీటీ. చాళ్లలో కొందరు ఆడవాళ్లు నెలవారీగా మిల్లు మగవాళ్లకు వండి పెట్టేవాళ్లు, వాళ్ల దగ్గర ఖాతా ఉండేది. మిల్లు చీటీ అయితే టికెట్ నంబరు, ఖాతా పేరు ఉంటాయి. అక్కడ ఖాతా అంటే మిల్లులో విభాగం. టికెట్ నంబరు దొరికితే వదలకండి. దాన్ని బట్టి పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. కాగితాల దాకా వెళ్లొచ్చు.

బి.డి.డి. చాళ్ల ఆలనాపాలనా మహారాష్ట్ర ప్రజా పనుల శాఖది. మరాఠీలో సార్వజనిక్ బాంధకామ్ విభాగ్ అంటారు. కిరాయిలు వసూలు చేసింది వాళ్లే. సమాచార హక్కు కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి. మహారాష్ట్రకు ఆన్‌లైన్ పోర్టల్ ఉంది, సిరిసిల్ల నుంచే పెట్టొచ్చు. ‘మా తాత వివరాలు ఇవ్వండి’ అని రాస్తే ‘నమోదు లేదు’ అని ఒక్క ముక్కలో జవాబు వస్తుంది. అలా కాకుండా ‘ఎన్.ఎం. జోషీ మార్గ్, చాల్ 27, గది నంబర్లు 50 నుంచి 59, ఫలానా సంవత్సరాల కిరాయిదారుల రిజిస్టరు నకలు’ అని అడగండి. వ్యక్తిగత సమాచారం అని తిరగ్గొడితే, 20 ఏళ్లు దాటిన సంగతులకు ఆ మినహాయింపు వర్తించదని సమాచార హక్కు చట్టం 8(3) సెక్షన్ చూపి అప్పీలు చేసుకోండి. మరాఠీలో రాస్తే పని తొందరగా అవుతుంది. మీ ఊళ్లో భీవండి, షోలాపూర్ పోయొచ్చినవాళ్లు ఉండనే ఉంటారు, వాళ్ల చేత రాయించండి.

రిజిస్టరు చేతికొచ్చాక మన పేర్లు మన పేర్లలా కనబడవు. అక్కడి పద్ధతి ముందు సొంత పేరు, తర్వాత తండ్రి పేరు, చివర ఇంటి పేరు. మనకు ఇంటి పేరు ముందు. పైగా రాసేది మరాఠీ గుమస్తా. మా బడి రిజిస్టర్లలోనే ఒకే పిల్లవాడి తండ్రి ఒకచోట రాజమల్లయ్య, ఇంకోచోట రాజమల్లు, మరోచోట రాజారాం. ఇంటి పేరు చివర అచ్చు ఎగిరిపోయి ‘గాజుల’ కాస్తా ‘గాజుల్’ అవుతుంది. కేరాఫ్ పేరును ఎన్ని రకాలుగా రాయొచ్చో ముందే కాగితం మీద పెట్టుకుని అప్పుడు వెతకండి. మీ కుటుంబంలో ఏ పిల్లలైనా కొన్నేళ్లు అక్కడ చదివి ఉంటే బడి జనరల్ రిజిస్టరు కూడా చూడాలి. బొంబాయి కార్పొరేషన్ తెలుగు మాధ్యమం బడులు నడిపింది. పుట్టిన ఊరు, కులం, చేరిన తేదీ, మానేసిన తేదీ అందులో ఉంటాయి.

భవనం నక్షా కావాలంటే మహారాష్ట్ర రాష్ట్ర పురాభిలేఖాగారానికి వెళ్లాలి. కాలా ఘోడా దగ్గర ఎల్ఫిన్‌స్టన్ కాలేజీ భవనంలో ఉంది. డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ ఫైళ్లు అడగండి. మీ తాత పేరు అక్కడ దొరకదు, కానీ ఆయన ఎక్కిన మెట్లు ఎటు ఉన్నాయో దొరకొచ్చు. ఆ ఫైళ్లు తిరగేస్తుంటే 1930 ఉప్పు సత్యాగ్రహం రోజుల సంగతులు కూడా తగులుతాయి. అరెస్టయినవాళ్లతో జైళ్లు నిండిపోతే ప్రభుత్వం వర్లీ చాళ్లనే తాత్కాలిక జైలు చేసింది.

ఇప్పుడు తొందర ఎందుకో చెబుతాను. వర్లీ, నాయ్‌గావ్, డిలైల్ రోడ్డు చాళ్ల పునర్నిర్మాణం మ్హాడా, అంటే మహారాష్ట్ర ప్రభుత్వ గృహ నిర్మాణ సంస్థ, చేతిలో ఉంది. పాత 160 అడుగుల గదికి బదులు 500 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తున్నారు. వర్లీలో మొదటి విడత 556 ఫ్లాట్ల తాళాలు 2025 ఆగస్టులో ఇచ్చారు. శివ్డీ చాళ్లు పోర్టు ట్రస్టు భూమిలో ఉండటంతో ఆ పని వెనకబడింది. పాత గదులు ఎలా ఉండేవో కళ్లతో చూడాలంటే, మీ తాత చాల్ పడిపోయినా సరే, శివ్డీ వెళ్లి చూడండి. కట్టింది ఒకే శాఖ, గది కొలత అదే.

మ్హాడా పనిలో మీకు ఒక మేలు ఉంది. ఫ్లాటుకు ఎవరు అర్హులో తేల్చడానికి ఒక్కో చాల్‌కు గదుల వారీగా కిరాయిదారుల జాబితా కట్టారు. 27వ చాల్ జాబితాలో యాభైల నంబర్ల పక్కన మీ కేరాఫ్ ఇంటి పేరు కనబడిందంటే ఆ మనిషి కొడుకో మనవడో ఇంకా ఉన్నట్టే. కనబడకపోతే గది చేతులు మారిందని అర్థం, అప్పుడు పక్క గదుల్లో తెలుగు ఇంటి పేర్లు చూడండి. అక్కడి పద్మశాలి సంఘాల పెద్దలకూ, దాదర్‌లోని ఆంధ్ర మహాసభ వాళ్లకూ ఫొటో చూపించండి. నా అనుభవంలో కాగితం కంటే ఫొటోకే మనుషులు త్వరగా పలుకుతారు. ‘ఈ మూడో ఆయన మా పెదనాయన’ అని ఎవరో ఒకరు అంటారు.

వెళ్లేటప్పుడు ఒక మాట. పునర్నిర్మాణం జరిగేచోట ఎవరైనా వచ్చి పాత కిరాయిదారు మనవణ్ని అంటే ఉన్నవాళ్లకు టెన్షన్. గదిలో వాటా అడగడానికి వచ్చాడేమోనని అనుకుంటారు. తలుపు దగ్గరే ‘నాకు ఏ హక్కూ వద్దు, మా తాత ఇక్కడ కేరాఫ్‌గా ఉండేవాడు, చూసి పోతాను’ అని చెప్పండి. కార్డు జిరాక్సు ఇవ్వండి, అసలు కార్డు ఇవ్వకండి. గది కనబడితే ఫొటోలు తీసుకుని ఊరుకోకుండా టేపుతో కొలవండి, కిటికీ ఏ దిక్కుకు ఉందో రాసుకోండి. అక్కడి నుంచి మిల్లుకు ఎటు నడిచేవాడో కూడా నడిచి చూడండి. దగ్గర్లోని ఫీనిక్స్ మిల్లు స్థలంలో ఇప్పుడు పెద్ద మాల్ ఉంది, కమలా మిల్స్ ఆవరణలో ఆఫీసులున్నాయి. మిల్లు పేరు తెలిశాక బాపమ్మకు ఫోన్ చేసి చెప్పండి. ఆమెకు ఇంకో నాలుగు పేర్లు గుర్తొస్తాయి.

ప్రశ్న: మా ముత్తాత బొంబాయి కామాటిపురాలో ఉండేవాడని పెద్దలు అంటారు. ఆ పేట పేరు ఎత్తితే ఇంట్లో మాట మార్చేస్తారు. వెతకడం మంచిదేనా? (పి. ఎల్., మహబూబ్‌నగర్)

జవాబు: తప్పకుండా వెతకండి. తలవంచుకోవాల్సింది ఏమీ లేదు. ఆ పేటకు ఆ పేరు వచ్చిందే మనవాళ్ల వల్ల. 18వ శతాబ్దం చివరి నుంచి నిజాం రాజ్యంలోని తెలుగు పల్లెల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడ్డ కూలీలను, మేస్త్రీలను కామాటీలు అనేవారు. బొంబాయి రోడ్లు, కట్టడాలు లేపిన చేతుల్లో వాళ్లవీ ఉన్నాయి. తర్వాత వేశ్యావాటిక అని వచ్చిన చెడ్డపేరు ఆ కష్టజీవులది కాదు. మీ పాలమూరు నుంచి బొంబాయికి కూలి పోవడం నిన్న మొన్నటి సంగతి కాదు కదా.

అయితే మీ దారి పై జవాబు కంటే వేరు. బి.డి.డి. చాళ్లు సర్కారువి, కామాటిపురా భవనాలు చాలావరకు ప్రైవేటు యజమానులవి. చిరునామాలో చూడాల్సింది గల్లీ నంబరు, తపాలా జోను అయితే బొంబాయి-8. గల్లీ, భవనం తెలిస్తే జిల్లా కలెక్టరు కార్యాలయంలో కెడాస్ట్రల్ సర్వే (సి.ఎస్.) నంబరు ద్వారా ప్రాపర్టీ కార్డు తీసుకోవచ్చు. దాని మీద యజమానుల పేర్లు వరసగా ఉంటాయి. 1940 సెప్టెంబరుకు ముందు కట్టిన భవనాలు మ్హాడా రిపేరు బోర్డు సెస్సు (మరమ్మతుల పన్ను) జాబితాలో ‘ఎ’ తరగతిలో వస్తాయి, కాబట్టి భవనం వయసు కూడా తేలుతుంది. కిరాయిదారుల రసీదు పుస్తకాలు మాత్రం యజమాని ఇంట్లోనే ఉండేవి. వాళ్ల వారసులు మర్యాదగా మాట్లాడితే చూపిస్తారు. ఇంట్లో మాట మార్చేవాళ్లకు ఈ జవాబు చదివి వినిపించండి.

ప్రశ్న: మా తాత నాయ్‌గావ్ బి.డి.డి. చాల్‌లో నలుగురితో కలిసి ఉండేవాడు, మిల్లు కార్మికుడు. పాత ఉత్తరాలు ఉన్నాయి. వాటితో మాకు ఫ్లాటు వస్తుందా? ఒకాయన డబ్బు కడితే పేరు ఎక్కిస్తానంటున్నాడు. (వి. ఆర్., షోలాపూర్)

జవాబు: ఉత్తరాలతో చాల్ ఫ్లాటు రాదు. కిరాయి ఎవరి పేరు మీద ఉందో వాళ్లకు, నిబంధనల ప్రకారం గది బదిలీ చేయించుకున్నవాళ్లకే వస్తుంది. గదిలో కలిసి ఉన్నవాళ్లకు ఆ హక్కు లేదు. కానీ మిల్లు కార్మికుల ఇళ్ల పథకం వేరే ఉంది. 1982 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ మిల్లు పట్టీలో పేరున్న కార్మికులకు, వాళ్లు లేకపోతే వారసులకు అది వర్తిస్తుంది. మీ తాత అప్పటికి పనిలో ఉన్నాడా, లేదా ముందే మానేశాడా అన్నది మొదట తేల్చుకోండి. టికెట్ నంబరు, ఇ.ఎస్.ఐ. కార్డు, పి.ఎఫ్. చీటీ, సర్వీసు సర్టిఫికెట్, వీటిలో ఏది ఉన్నా తీసి పెట్టండి. ఇదివరకే ఇంట్లో ఎవరైనా దరఖాస్తు పెట్టారేమో బాబాయిలను, మేనత్తలను అడగండి. ఒకరికి తెలియకుండా ఇంకొకరు పెట్టిన ఇళ్లు చాలా ఉన్నాయి. తర్వాత బాంద్రాలోని మ్హాడా కార్యాలయానికి మీరే వెళ్లి కనుక్కోండి. ఆ పెద్దమనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి, అసలు కాగితాలు అతని చేతిలో పెట్టకండి.